చేతికందిన గాలికొలత: కోరంగి ఉప్పెన మొదలు నేటి చేతి వాయుమాపకము వరకు

గాలి కంటికి కనబడదు. దాని పని మాత్రమే కనబడును. ఆకు కదలినచో గాలి యున్నదందురు. కొమ్మ విరిగినచో గాలి ముదిరినదందురు. ఈ తారతమ్యములకు తెలుగువారు ఏనాడో పేర్లు పెట్టుకొనిరి. పిల్లగాలి, పైరగాలి, ఈదురుగాలి, సుడిగాలి, పెనుగాలి, గాలివాన అను మాటలు వట్టి పర్యాయపదములు కావు. పైరగాలికి పడవ విప్పినవాడు ఈదురుగాలికి తెరచాప దింపును. ఈ పేర్లే ఒక విధమైన కొలమానము. అయితే మాటతో చేసిన కొలత చెప్పువాని అనుభవమును బట్టియు, వినువాని ధైర్యమును బట్టియు మారుచుండును. ఒక ఊరివారి పెనుగాలి మరియొక ఊరివారికి ఈదురుగాలి కావచ్చును. ఆ మాటకు అంకె తోడైన చరిత్రయే గాలికొలత చరిత్ర. ఆంధ్రదేశపు ఎల్లలు దాటి ఒడిస్సా తీరమునను, యానామునను, తమిళ, కన్నడ, మహారాష్ట్ర ప్రాంతములలోను తరతరములుగ నివసించుచున్న తెలుగువారికి ఈ చరిత్రతో గట్టి సంబంధము కలదు. అందు మొదటి ఘట్టము గోదావరి ముఖమున జరిగినది.

అంకె లేని ప్రళయము

యానామునకు సమీపమున నున్న కోరంగి ఒకప్పుడు నౌకానిర్మాణమునకు పేరెన్నికగన్న రేవు. అచ్చటినుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువారిని ఆ దేశీయులు చాలకాలము ‘కోరంగీలు’ అనియే పిలిచిరి. ఒక రేవు పేరు ఒక జాతి పేరుగ మారుటనుబట్టియే ఆ రేవు ప్రాభవము ఊహింపవచ్చును. 1789 డిసెంబరులో సముద్రము మూడు పెనుతరంగములుగ పొంగి ఆ పట్టణమును ముంచెను. కోలుకొన్న ఆ రేవును 1839 నవంబరు 25వ తేదీన వచ్చిన గాలివాన, దానితోడి ఉప్పెన మరల నేలమట్టము చేసెను. ఆ తరువాత కోరంగి పూర్వవైభవమును పొందలేదు.

ఆ నాడు మూడులక్షలమంది మరణించిరని అనేక గ్రంథములలో అచ్చుపడినది. ఇంత పెద్ద సంఖ్యను ఉన్నదున్నట్లు నమ్ముట కష్టము. మనుష్యుల లెక్కయే ఇట్లు సందిగ్ధమైనపుడు గాలి లెక్కను గూర్చి చెప్పవలసిన పనిలేదు. ఆ రాత్రి కోరంగిపై వీచిన గాలి వేగమెంత అను ప్రశ్నకు కొలిచిన సమాధానము లేదు.

అయినను ఆ గాలివాన శాస్త్రచరిత్రలో నిలిచినది. కలకత్తాలో నౌకావిచారణ న్యాయస్థానమునకు అధ్యక్షుడుగ నుండిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు గాలివానలను గూర్చి వరుసగ ప్రకటించిన పరిశోధనలలో రెండవది ఈ కోరంగి తుపానును గూర్చినదే. ఆతనికి ఆధారములు ఓడల దినచర్య పుస్తకములు. ఏ ఓడ ఎచ్చట నుండెను, ఏ గంటకు గాలి ఏ దిక్కునుండి వీచెను, భారమితిలో పాదరసము ఎంత దిగెను అను వివరములను కూర్చి, గాలి ఒక కేంద్రము చుట్టును తిరుగుచు ముందునకు సాగునని ఆతడు చూపెను. 1848లో నావికులకై వ్రాసిన గ్రంథమున ఇట్టి గాలివానకు ‘సైక్లోన్’ అను పేరు ప్రతిపాదించెను. పాముచుట్టను స్ఫురింపజేయు గ్రీకుపదము దానికి మూలము. నేడు లోకమంతటను వాడుకలోనున్న ఆ పదము వెనుక కోరంగి నష్టము కూడ కలదని తెలుగువారు గుర్తుంచుకొనదగును.

పిడింగ్టన్‌కు దిక్కు దొరకినది, పీడనము దొరకినది; వేగము మాత్రము దొరకలేదు. ఓడలవారు గాలిబలమును మాటలతోనే వ్రాసిరి. ఫ్రాన్సిస్ బ్యూఫోర్టు అను బ్రిటిషు నావికాధికారి అంతకు చాల ముందుగనే గాలిని 0 నుండి 12 వరకు తరగతులుగ విభజించియుండెను. ఓడ ఎన్ని చాపలు ఎత్తగలదు అనుదానినిబట్టి ఆ తరగతి నిర్ణయింపబడుచుండెను. బ్రిటిషు నౌకాదళమున దాని వాడుక తప్పనిసరియైనది 1838లో. అనగా కోరంగి నాశనమునకు ఒక్క సంవత్సరము ముందు. అయితే అదియు వేగము కాదు, వర్గీకరణమే.

పరికరము పుట్టిన విధము

గాలిని కొలుచుటకు యంత్రము లేకపోలేదు. 1775లోనే జేమ్స్ లిండ్ అను స్కాట్లండు వైద్యుడు వెంట తీసికొనిపోదగిన వాయుమాపకమును వర్ణించి లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. అది ‘యు’ ఆకారపు గాజుగొట్టము. అందు నీరు పోసి, ఒక కొనను గాలికి అభిముఖముగ పెట్టినచో గాలి ఒత్తిడికి ఆ వైపు నీరు దిగి రెండవ వైపు లేచును. ఆ ఎత్తుల భేదమే గాలిబలము. నేటి చేతి పరికరముల వంశవృక్షమున దీనిని పూర్వీకునిగ చెప్పవచ్చును.

1846లో ఐర్లండులోని ఆర్మా వేధశాలాధిపతి థామస్ రామ్నీ రాబిన్సన్ నాలుగు అర్ధగోళాకారపు గిన్నెలను అడ్డకమ్మీల కొనలకు బిగించి నిలువు కడ్డీపై తిరుగునట్లు చేసెను. గిన్నె బోలువైపు గాలి పట్టినంతగ వెనుకవైపు పట్టదు. కావున గాలి ఏ దిక్కున వచ్చినను అది ఒకే వైపు తిరుగును. చుట్లు లెక్కించినచో వేగము తెలియును. గిన్నెలు గాలివేగములో సరిగ మూడవవంతు వేగముతో తిరుగునని రాబిన్సన్ తలచెను. ఆ లెక్క సరికాదనియు, గిన్నె పరిమాణమును కమ్మీ పొడవునుబట్టి అది మారుననియు తరువాతివారు నిరూపించిరి. అందుచే ఆ కాలపు కొన్ని పెనుగాలుల వేగములు ఉన్నదానికంటె హెచ్చుగ నమోదైనవి. 1926లో జాన్ ప్యాటర్సన్ మూడు గిన్నెల పరికరము మేలైనదని చూపెను. నేడు వాతావరణ కేంద్రములపై తిరుగునది చాలవరకు ఈ మూడు గిన్నెల అనిమోమీటరే.

చేతబట్టు పరికరము విస్తారముగ వాడుకలోనికి వచ్చినది ఆకాశము క్రింద కాదు, భూగర్భమునందు. బొగ్గుగనులలో గాలి చాలినంత ఆడకున్నచో విషవాయువు చేరి ప్రాణనష్టము కలుగును. 1840 దశకమున ఇంగ్లండు గనులలో బెంజమిన్ బైరమ్ చిన్న రెక్కల చక్రముతో కూడిన మాపకమును ప్రవేశపెట్టెను. దానిని సొరంగమునందు పట్టుకొని ఒక నిమిషములో ఎన్ని అడుగుల గాలి సాగెనో ముల్లుపై చదివెడివారు. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్ బొగ్గుగనుల ప్రాంతమున స్థిరపడిన తెలుగు కార్మిక కుటుంబములకు ఇట్టి పరికరము బ్రతుకుదెరువుతో ముడిపడిన వస్తువు.

భారతదేశమున గాలికొలత

తెలుగునాట ఈ విద్యపై స్వయముగ శ్రద్ధ చూపినవారు లేకపోలేదు. మద్రాసు వేధశాలలో టి. జి. టేలర్ కడ అభ్యసించిన గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున తన సొంత ఖర్చుతో వేధశాలను స్థాపించెను. ఆయన అనంతరము అల్లుడు అంకితము వెంకట నరసింగరావు దానిని కొనసాగించి, ఖగోళముతోపాటు వాతావరణ పరిశీలనలను కూడ నడపెను. కోరంగి నాశనమైన మరుసటి యేటనే అదే తీరమున ఒక తెలుగువాడు వేధశాల నెలకొల్పుట గమనింపదగిన విషయము.

1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును గాలివానలు ధ్వంసము చేసెను. మచిలీపట్టణ ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరి. ఈ విపత్తులు, తరువాతి క్షామములు 1875లో భారత వాతావరణ శాఖ స్థాపనకు దారితీసినవి. బ్యూఫోర్టు తరగతులను నేలమీద చెట్లకు, పొగకు, ఇండ్లకు అన్వయించి, వేగములతో జతపరచిన జార్జి సింప్సన్ 1906లో ఈ శాఖలోనే చేరెను. ఆ పట్టికనుబట్టి 6వ తరగతి గాలి గంటకు 39 నుండి 49 కిలోమీటర్లు. పెద్దకొమ్మలు కదలును, గొడుగు నిలువదు. 12వ తరగతి 118 కిలోమీటర్లు మొదలుకొని పైది.

పరికరములు చాలకాలము విదేశములనుండియే వచ్చెడివి. స్వాతంత్ర్యానంతరము ఈ పరాధీనతను తొలగించినవారిలో అన్నా మణి ముఖ్యురాలు. 1918లో తిరువాన్కూరు సంస్థానమున జన్మించి, బెంగుళూరులో సి. వి. రామన్ వద్ద పరిశోధనచేసి, ఇంగ్లండులో వాతావరణ పరికరముల విద్య నేర్చి, ఆమె 1948లో పూనాలోని వాతావరణ శాఖలో చేరెను. సుమారు 100 పరికరములకు నిర్దిష్టమైన నమూనా చిత్రములు సిద్ధపరచి, అవి స్వదేశమున తయారగునట్లు చేసెను. తప్పు కొలతకంటె కొలవకుండుట మేలు అను భావముతో ఆమె ప్రతి పరికరమును ప్రామాణిక పరికరముతో సరిచూపించెడిది. 1976లో ఉద్యోగవిరమణ చేసిన పిదప దేశమున గాలిశక్తికి అనువైన స్థలముల సర్వేక్షణకు పూనుకొని, 1980 దశకమున ఆ వివరములను గ్రంథములుగ వెలువరించెను. కోయంబత్తూరు పశ్చిమమున పాలక్కాడు కనుమ, దక్షిణమున ఆరల్వాయ్‌మొళి కనుమల గుండ వీచు గాలి విలువ అంకెలలో రూఢియైనది ఇట్టి కొలతలవలననే. కోయంబత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములలో తరతరములుగ సేద్యము చేసికొనుచున్న తెలుగు కుటుంబములు నేడు తమ పొలముల చుట్టు చూచుచున్న గాలిమరలు ఆ అంకెలపై నిలిచినవే.

నేటి చేతి పరికరము

ఎలక్ట్రానిక్ విద్య పెరిగిన కొలది వేధశాల గోపురముపై నుండిన యంత్రము అరచేతికి దిగివచ్చెను. నేటి చేతి వాయుమాపకమున అంగుళమంత వెడల్పుగల రెక్కల చక్రముండును. చక్రముతో తిరుగు చిన్న అయస్కాంతపు కదలికను లోపలి సూక్ష్మసాధనము లెక్కించి వేగముగ మార్చి చూపును. మేలైన పరికరములలో పొరపాటు నూటికి సుమారు 3 పాళ్లు. కొన్నిటిలో చక్రమునకు బదులు వేడితీగ యుండును. గాలి దానిని చల్లార్చు తీరునుబట్టి వేగము తెలియును. మరికొన్నిటిలో శబ్దతరంగము ఒక కొననుండి మరియొక కొనకు పోవుటకు పట్టు కాలమునుబట్టి గణింతురు. ఇట్టి పరికరముల పెద్దరకములు ఉష్ణోగ్రతను, తేమను, వాయుపీడనమును కూడ చూపును. వీనినే ముక్కాలిపీటపై నిలిపి, వర్షమాపకమును, సౌరఫలకమును చేర్చినచో సంచార వాతావరణ కేంద్రమగును. దానిని ఒక మనిషి మోసికొనిపోయి పొలములోనో, తీరమునో నిలుపవచ్చును.

దీని ఉపయోగము ఎచ్చట నున్నదో తెలుగువారి నివాసములను చూచిననే తెలియును. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియైన పిదప ఆంధ్రరైతులు గంగావతి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతములకు వలసపోయి వరిసాగు చేసిరి. వారి పల్లెలను నేటికిని ‘క్యాంపులు’ అనియే అందురు. పైరుకు మందు చల్లువారికి గాలివేగము తెలియుట ఆరోగ్యసమస్య. గంటకు 15 కిలోమీటర్లు మించిన గాలిలో మందు పొరుగుచేనిపైనను, చల్లువాని ముఖముపైనను పడును. బొత్తిగ గాలిలేని వేళ సన్నని తుంపర నేలకు దిగక పొగమంచువలె నిలిచి, ఆ తరువాత ఎటు పోవునో చెప్పరాదు. కావున మెల్లని నిలుకడగల గాలియే ఆ పనికి తగినది. అట్టి గాలి ఉన్నదా లేదా అని చేతి పరికరము ఒక్క నిమిషములో చెప్పగలదు.

సముద్రతీరమున సంగతి ఇంతకంటె గురుతరమైనది. పూరీలోను, గోపాలపూరులోను కలిసియున్న పల్లెకారులను ఒడియావారు నోలియాలందురు. వారి పూర్వులు విశాఖ, శ్రీకాకుళ తీరములనుండి పోయినవారు, ఇంటిభాష తెలుగు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమగువరకు గోపాలపూరు, బరంపురములు మద్రాసు రాజధానిలోనివే. 1999 అక్టోబరు 29న పారాదీపు సమీపమున తీరముదాటిన పెనుతుపాను దాదాపు 10,000 మందిని పొట్టనబెట్టుకొనెను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూరు వద్దనే తీరము తాకెను. అప్పటి గాలి గంటకు 200 కిలోమీటర్లకు పైబడినను, ముందుగ హెచ్చరించి సుమారు 10 లక్షలమందిని తరలించుటచే మృతుల సంఖ్య పదులలో ఆగెను. 1839కిని 2013కిని గల ఈ వ్యత్యాసమే గాలికొలత విలువ.

అయితే ఆ ప్రాణములను కాపాడినది ఒక్క చేతి పరికరము కాదు. ఉపగ్రహములు, రాడారులు, తీరకేంద్రములు, వార్తను నమ్మి ఇల్లు విడిచిన ప్రజలు. భారత వాతావరణ శాఖ లెక్కనుబట్టి గంటకు 31 నుండి 49 కిలోమీటర్ల గాలితో కూడినది వాయుగుండము; 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండము; 62 నుండి 88 వరకు తుపాను; 89 నుండి 117 వరకు తీవ్ర తుపాను. ఈ అంకెలు సముద్రముపై నున్న గాలివి. ఒడ్డున పట్టుకొన్న పరికరము 20 చూపుచున్నదని నావ దించుట ప్రాణాంతకము. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరముదాటిన తుపానులో కోనసీమ, యానాము పరిసరములు దెబ్బతిన్నవి. ఆ దెబ్బకు బలియైనవారిలో చేపలవేటకు పోయినవారు అనేకులు.

కొలుచు పద్ధతి

చేతి పరికరము నిజము పలుకును. కాని తానున్న చోటి నిజమునే పలుకును. ప్రపంచ వాతావరణ సంస్థ నియమమునుబట్టి గాలిని చదునైన బయలులో 10 మీటర్ల ఎత్తున కొలువవలెను. నేలకు సమీపించిన కొలది రాపిడివలన గాలి మందగించును. బయలులో మనిషి తల ఎత్తున వేగము 10 మీటర్ల ఎత్తునాటి దానిలో నూటికి 70 పాళ్లకు అటునిటుగ నుండును. ఆకాశవాణి గంటకు 30 కిలోమీటర్లని చెప్పగ చేతిలో 21 కనబడినచో ఎవ్వరును అబద్ధమాడుట లేదు. ఇద్దరును వేర్వేరు ఎత్తుల మాట చెప్పుచున్నారు.

కొలుచువారు పాటింపదగిన నియమములు కొన్ని కలవు. ఇంటిగోడ, చెట్టు మొదలగు అడ్డమునకు దాని ఎత్తునకు పదిరెట్లు దూరమున నిలువవలెను. గాలికి ఎదురుగ నిలిచి, చేయి చాచి, చక్రము గాలికి సూటిగ నుండునట్లు పట్టవలెను. శరీరము గాలికి అడ్డముగాని, పరికరమునకు వేడిమిగాని కారాదు. ఒక్క క్షణము చూచి అంకె వ్రాయరాదు. కనీసము రెండు నిమిషముల సగటును, ఆ వ్యవధిలోని అత్యధిక విసురును వేరువేరుగ వ్రాయవలెను. ఉష్ణోగ్రతను నీడలోనే చదువవలెను. తీరమున వాడినపుడు ఉప్పు పేరుకొని చక్రము బిగిసి తక్కువ చూపును గనుక పరికరముతో ఇచ్చిన సూచనలనుబట్టి మంచినీటితో కడిగి ఆరబెట్టవలెను. సంవత్సరమునకొకమారైన ప్రామాణిక పరికరముతో సరిచూపవలెను.

వేగము రెట్టింపైనపుడు దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగురెట్లగును. గంటకు 72 కిలోమీటర్ల గాలి తనకు ఎదురైన చదరపు మీటరుపై సుమారు 24 కిలోల బరువు మోపును. 144 కిలోమీటర్ల గాలి 98 కిలోలు మోపును. పూరింటి కప్పు మొదటిదానికి ఆగినను రెండవదానికి ఆగదు. ఈ ఒక్క గణితము తెలిసినవాడు 100, 120 అను అంకెల మధ్య భేదమును తేలికగ తీసికొనడు.

దిక్కు వేగముకంటె తక్కువ విలువైనది కాదు. ఉత్తరార్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లుకు వ్యతిరేకముగ తిరుగును. కావున గాలికి వీపు పెట్టి నిలిచినవానికి తుపాను కేంద్రము సుమారుగ ఎడమవైపున నుండును. 1857లో హాలండు దేశీయుడు బైస్ బాలట్ ఈ సూత్రమును ప్రకటించెను. తూర్పుతీరమున గాలి ఈశాన్యమునుండి తూర్పునకు, ఆపై ఆగ్నేయమునకు తిరుగుచున్నచో కేంద్రము ఊరికి దక్షిణమున పోవుచున్నదని అర్థము. సముద్రమును నేలపైకి నెట్టు ఉప్పెన ప్రమాదము ఆ ఊరికి హెచ్చు. ఉత్తరమునుండి వాయవ్యమునకు, పడమరకు తిరుగుచున్నచో కేంద్రము ఉత్తరముగ పోవుచున్నది. గాలి హఠాత్తుగ ఆగినచో విపత్తు తీరినదని బయటికి రారాదు. తుపాను కన్ను పైనున్నపుడు గాలి నిలిచి, కొంతసేపటికి ఎదురుదిక్కునుండి అంత బలముతోను విరుచుకొనిపడును. తుపానునాడు ఈ దిక్కులను ఇంటిలోనుండియే గమనింపవలెనుగాని పరికరము చేతబట్టి ఎవ్వరును తీరమునకు పోరాదు.

ముగింపు

లిండ్ గాజుగొట్టమునుండి నేటి చేతి చక్రమువరకు రెండువందల యేబది సంవత్సరముల ప్రయాణమున ఒక్క ధర్మము మారలేదు. గాలికి అంకె దొరకుట ఎంత ముఖ్యమో, ఆ అంకె ఎచ్చటిది, ఏ ఎత్తుది, ఎంతసేపటిది అని తెలియుట అంత ముఖ్యము. కోరంగి నష్టము మాటలలో మిగిలినది, అంకెలలో మిగులలేదు. అందుచే నేడు ఎవ్వరెన్ని చెప్పినను ఆ గాలిని మరియొక గాలితో సరిపోల్చు వీలులేదు.

ఇతర రాష్ట్రములలోని తెలుగు పాఠశాలలు ఈ విషయమున చేయదగిన పని యొకటి కలదు. ఒక చేతి వాయుమాపకము, ఒక దిక్సూచి, ఒక దస్త్రము ఉన్నచో పిల్లలు ప్రతిదినము ఒకే చోట, ఒకే వేళ గాలిని కొలిచి తెలుగులో వ్రాసిపెట్టవచ్చును. అంకె ప్రక్కన ఆ నాటి గాలిని తమ ఇంటి పెద్దలు ఏ పేరుతో పిలిచిరో కూడ వ్రాయవలెను. పూరీ పల్లెకారుని మాట, సింధనూరు రైతు మాట, యానాము పడవవాని మాట ఒకటి కాకపోవచ్చును. పది సంవత్సరముల దస్త్రమున అంకెలు శాస్త్రమునకు, మాటలు భాషకు మిగులును. తెలుగు దూరమైన తరమున ఈ గాలిపేర్లు మొట్టమొదట మరుగుపడునవి. ఏలనగా అవి పుస్తకములలో కంటె రేవులలోను, కళ్లములలోను బ్రతికినవి. వానిని కొలతతో జతపరచి నిలుపుట కోరంగి నేర్పిన పాఠమునకు తగిన గురుదక్షిణ కాగలదు.